వద్దనొచ్చునా అని అడిగిన రోజు

చిక్కడపల్లి,
11 ఆగస్టు 2025

సంజనకు,

నీ మేనత్త అరుంధతి రాస్తున్నది. ఫోను చేస్తే నువ్వు మధ్యలో "అట్ల కాదత్తమ్మా" అంటావు, నేను చెప్పదలుచుకున్నది అక్కడే ఆగిపోతుంది. కాగితం మీద నువ్వు అడ్డం రాలేవు. అందుకే నీ నంబరు బ్లాక్ చేసి ఉత్తరం మొదలుపెట్టాను. పుణెలో మీ పరిశోధన ఆఫీసు అడ్రసు నా ఆస్పత్రి ఫైలు మీదే ఉంది.

మొన్న శనివారం అశోక్ నగర్ పోయాను. నా కర్రీ పాయింట్ ఇప్పుడు కిష్టమ్మ నడుపుతున్నది కదా, పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువవుతున్నదని హాస్టలు పిల్లలు అంటున్నారట, చూసి వద్దామని. అక్కడ పల్లవి కనిపించింది. గ్రూప్ టూకు చదువుతున్న అమ్మాయి, మూడేళ్లుగా మన దగ్గరే కూర తీసుకుపోతుంది. చేతిలో ఆ నెల కరెంట్ అఫైర్స్ పుస్తకం ఉంది. "ఆంటీ, నీకు అయిన ఆపరేషన్ గిదేనా, జర చూడు" అని పేజీ తిప్పి ఇచ్చింది.

నూట పద్నాలుగో బిట్టు. రొమ్ము క్యాన్సర్ చంకలోని ఒకటి రెండు గ్రంథులకే పాకిన రోగులలో ఏ శస్త్రచికిత్స అనవసరమని ఇటీవల ఒక భారతీయ పరిశోధనలో తేలింది? కింద నాలుగు జవాబులు. సరైన జవాబు సి: చంకలోని గ్రంథులన్నిటినీ తొలగించుట.

అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. పల్లవి "ఏమైందాంటీ, నీళ్లు తాగుతవా" అని అడుగుతున్నది. నా చెయ్యి ఒక మార్కు ప్రశ్న అయిందని ఆ పిల్లకు ఏం చెప్పను?

ఆరేళ్ల కింద రొమ్ములో గడ్డ బయటపడి, ముక్క తీసి పరీక్ష చేసి క్యాన్సర్ అన్ననాడు మొదట నీకే ఫోను చేశాను. ఇంట్లో ఆ చదువు చదివినదానివి నువ్వొక్కదానివే. "అత్తమ్మా, ఆ ఆస్పత్రిల మా పరిశోధన నడుస్తున్నది, చేరు, నిన్ను మంచిగ చూసుకుంటరు" అన్నావు. చేరాను. కంప్యూటరు చీటీ తీసి నన్ను పాత పద్ధతి గుంపులో వేసింది. చంకలో పంతొమ్మిది గ్రంథులు తీసేశారు. రెండో ఏడు నుంచి కుడిచెయ్యి వాచింది, ఇప్పటికీ దిగలేదు. పొయ్యి మీది నుంచి అన్నం గంజు దించిన చెయ్యి ఇప్పుడు నిండు చెంబు ఎత్తదు. నారాయణగూడ దర్జీ నా జాకెట్టుకు రెండు చేతులకు రెండు కొలతలు రాసుకుంటాడు.

ఇప్పుడు చెప్పు. ఆ ఆపరేషన్ అక్కరలేదని మీకు ఎప్పుడు తెలిసింది? తెలిసినప్పుడు నాకెందుకు చెప్పలేదు? అదే ఆఫీసులో ఉండి నన్ను ఆ గుంపులో ఎట్లా పడనిచ్చావు?

ఈ రెండు పేజీలు రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. కొంచెం రాయగానే వేళ్లు బిగుసుకుపోతున్నాయి.

అరుంధతి

*

పుణె,
20 ఆగస్టు 2025

అత్తమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. ఆఫీసు అడ్రసుకు రాయడంతో ఇక్కడివాళ్లు దాన్ని తెరిచి, తెలుగు అని చూసి, నా టేబుల్ మీద పెట్టారు. ఇకమీదట ఇంటికి రాయి. అడ్రసు వెనక ఇస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. ఆ ఆపరేషన్ అక్కరలేదని అప్పట్లో ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే పరిశోధనే ఉండదు. అప్పుడు ఆ ఆస్పత్రిలో నీలాంటి రోగులందరికీ గ్రంథులన్నీ తీసేవారు. నువ్వు చేరకపోయినా నీకు జరిగేది అదే. చేరినందువల్ల తప్పించుకునే అవకాశం సగం వచ్చింది. ఆ సగం నీవైపు పడలేదు.

ఫలితం మొన్న మే నెలలో తేలింది. ఐదేళ్ల తర్వాత చూస్తే రెండు గుంపుల్లోనూ బతికి ఉన్నవారు, జబ్బు తిరగబెట్టనివారు దాదాపు సమానం. చెయ్యి వాపు మాత్రం పాత పద్ధతి గుంపులో నాలుగు రెట్లు. ముందు డాక్టర్ల సభలో చెప్పారు, తర్వాత పేపర్లకు ఇచ్చారు. పార్టిసిపెంట్లకు విడిగా తెలపాలని మా నిబంధనల్లో లేదు.

ఎవరు ఏ గుంపులో పడాలో కంప్యూటరు తేలుస్తుంది. డాక్టరు తనకు నచ్చినవారిని నచ్చిన గుంపులో వేసుకుంటే ఆ ఫలితాన్ని ఎవరూ నమ్మరు.

నీకు ఎవరూ అన్యాయం చెయ్యలేదు అత్తమ్మా. నీ ఉత్తరం చదువుతుంటే నాన్న మాట్లాడినట్టే ఉంది. అప్పుడు కూడా నాన్న ఫోన్ చేసి నిన్ను గ్రంథులన్నీ తీయని రెండో గుంపులోకి మార్చమన్నాడు. నేను మార్చలేదు. ఆ కోపం ఆయనకు ఇంకా పోలేదు. ఇప్పుడు నీ చేత రాయించాడని అనుకుంటున్నాను.

సెప్టెంబరులో నీకు మామోగ్రామ్ ఉంది. మర్చిపోకు. చేతికి బిగుతు తొడుగు వేసుకుంటున్నావా?

ఉంటాను,
సంజన

*

చిక్కడపల్లి,
29 ఆగస్టు 2025

సంజనా,

"నేను మార్చలేదు" అని రాశావు. మార్చలేకపోయాను అని రాయలేదు. ఉత్తరం వచ్చిన నాటి నుంచి ఆ ఒక్క మాటే చదువుతున్నాను.

కాగితం పట్టుకుని అంబర్‌పేట పోయి మీ నాన్నను అడిగాను. బాలకిషన్ అన్న నా ముందర తల దించుకోవడం నేను ఎన్నడూ చూడలేదు.

"అడిగిన. నా చెల్లె కోసం నేను అడగనా? రూల్ ఒప్పుకోదు అన్నది నీ మేనకోడలు. ఫోన్ పెట్టేసిన."

"నాకెందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే నువ్వు ఆపరేషన్‌కే పోకపోదువు. బతుకుతవా లేదా అన్న భయంల ఉన్నం మేము."

అంటే నేను వార్డులో పడుకొని ఉంటే మీరిద్దరూ ఫోనులో నా చెయ్యి సంగతి మాట్లాడుకున్నారు. ఒకరు అడిగారు, ఒకరు కుదరదన్నారు. చెయ్యి ఎవరిదో ఆమెకు చెప్పాలని ఇద్దరికీ తోచలేదు. ఇప్పుడు నా కోపం కూడా మీ నాన్న పంపిందే అంటున్నావు. నాకు యాభై ఎనిమిదేళ్లు. పాతికేళ్లు పొయ్యి ముందు నిలబడి నా బతుకు నేను బతికినదాన్ని. కోపం తెచ్చుకోవడానికి మా అన్న పర్మిషన్ కావాలా?

పార్టిసిపెంట్లు అని ఒక మాట రాశావు. ఇంటర్ రెండో సంవత్సరంలో నీకు కామెర్లు వచ్చి మా ఇంట్లో పడుకుంటే నలభై రోజులు ఉప్పులేని పథ్యం వండింది ఎవరు? పార్టిసిపెంటేనా?

అక్కడి నుంచి నేరుగా ఆస్పత్రికి పోయాను. పరిశోధన విభాగంలో శ్రీనాథ్ అని ఒకతను ఉంటాడు. ఆరు నెలలకోసారి ఫోన్ చేసి పిలిపించి "ఎట్లున్నవమ్మా" అని అడిగేది అతనే. ఫలితం వచ్చిందట కదా, మా ఆడవాళ్లకు ఎప్పుడు చెబుతారని అడిగాను. "మాకు పైనుంచి లెటర్ రాలేదమ్మా, వచ్చినంక చెప్తం" అన్నాడు. మంచివాడే. కానీ అశోక్ నగర్ ఫుట్‌పాత్ మీద అమ్మే పుస్తకానికి వచ్చిన కబురు అతనికి రాలేదు.

పరిశోధన నుంచి తప్పుకునే ఫారం ఇమ్మన్నాను. "ఇంకా ఐదేండ్లు చూస్తరమ్మా, ఎందుకు పోతవు" అన్నాడు. కుడిచేత్తోనే సంతకం పెట్టాను. ఇక నన్ను మీ లెక్కలోంచి తీసేయండి. మామోగ్రామ్‌కు కూడా పోను. మీ ఆస్పత్రి గుమ్మం తొక్కను.

అరుంధతి

*

పుణె,
9 సెప్టెంబరు 2025

అత్తమ్మా,

నమస్కారాలు రాయడం లేదు. ఈ పూట నాకు అంత ఓపిక లేదు.

మామోగ్రామ్ మానేసి ఎవరిని శిక్షిస్తున్నావు? ఒకసారి వచ్చిన జబ్బు రెండో రొమ్ముకు రాదని నీకు ఎవరైనా రాసిచ్చారా? పరిశోధన నుంచి తప్పుకుంటే తప్పుకో, అది నీ ఇష్టం. పరీక్ష దానితో సంబంధం లేనిది, అది నీ ఒంటికి. నా మీద కసితో నీ ఒంటిని పణం పెడితే దాన్ని మొండితనం అంటాను నేను. నీకు ఇంకా పెద్ద కోపం వచ్చినా సరే.

గుంపు మార్చడం నా వల్ల అయ్యే పని కాదు. నాకు పేర్లు కనిపించవు, నంబర్లే కనిపిస్తాయి. ఏ నంబరు ఏ గుంపో ఫలితం తేలేదాకా నా కంప్యూటర్‌లోకి రాదు. ఆ మాట నాన్నతో ఉన్నదున్నట్టు చెప్పి ఉండాల్సింది. అలా చెబితే నేను అక్కడ చిన్న ఉద్యోగినని తెలిసిపోతుందని, రూల్ ఒప్పుకోదు అన్నాను. పెద్ద అధికారిలా. నీకు మొన్న రాసినప్పుడు కూడా అదే పొగరు.

నువ్వు సంతకం పెట్టిన ఫారం నిన్న నా టేబుల్ మీదికి వచ్చింది. పేరు, సంతకం కనబడకుండా నల్లగా కొట్టేసి పంపారు. ఊరు, తేదీ చూసి నువ్వేనని తెలుసుకున్నాను. కారణం అని ఉన్న గడిలో నువ్వు తెలుగులో రాశావు: "నన్ను అడగలేదు." పక్క సీటు అమ్మాయి దీని అర్థమేమిటని నన్ను అడిగింది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి టైపు చేసింది నేనే.

టైపు చేస్తుంటే ఒక సంగతి గుర్తొచ్చింది అని రాయబోయాను. అది కూడా అబద్ధమే అవుతుంది. నేను ఆ సంగతి ఎన్నడూ మర్చిపోలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున నువ్వు వార్డు నుంచి ఫోన్ చేశావు. "బిడ్డా, నాకెందుకో భయమైతున్నది, ఇప్పుడు వద్దనొచ్చునా?" అని అడిగావు. "ఇంత దూరం వచ్చినంక వద్దంటే ఎట్లత్తమ్మా, డాక్టర్లు పరేషాన్ అయితరు" అన్నాను.

వద్దనవచ్చు. ఏ నిమిషంలోనైనా, బల్ల మీద పడుకున్నాక కూడా అనవచ్చు. చేరేటప్పుడు నువ్వు సంతకం చేసిన పత్రంలో మొదటి పేజీలోనే ఆ మాట ఉంది. ఆ పత్రాన్ని తెలుగు చేసింది నేనే. అప్పుడు మాకు చేరేవాళ్లు తక్కువగా ఉన్నారు. మా మేనత్త కూడా చేరిందని మీటింగులో గొప్పగా చెప్పుకున్నాను. నువ్వు మానుకుంటే నా పరువు పోతుందనిపించింది.

నువ్వు పరిశోధన వద్దన్నా డాక్టరు ఆ పాత ఆపరేషనే చేసేవారు. ఆరేళ్లుగా ఆ మాటతోనే నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను.

సంజన

*

చిక్కడపల్లి,
22 సెప్టెంబరు 2025

సంజనా,

నాకు గుర్తుంది. గాజులు తీసి నర్సుకు ఇచ్చాను. ఆకుపచ్చ గౌను వెనక ముడి వేసుకోవడం రాక దాన్ని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని అడిగాను. నువ్వు చెప్పిన మాట విని, చదువుకున్న పిల్ల కదా నిజమే చెబుతుందిలే అని ఫోను పెట్టేశాను.

అదే ఆపరేషన్ జరిగేదని ఇంకోసారి అనకు. నేను గౌను విప్పి చీర కట్టుకుని ఇంటికి వచ్చేదాన్నేమో. ఇంకో డాక్టరును అడిగేదాన్నేమో. అడిగి, ఒక రోజంతా ఏడ్చి, మళ్లీ వచ్చి అదే బల్ల మీద పడుకునేదాన్నేమో. అట్లా జరిగి ఉంటే ఈ చెయ్యి నేను ఇచ్చింది అయ్యేది. నువ్వు దాన్ని నా దగ్గర తీసుకున్నావు.

నువ్వు ఒప్పుకున్నావని నా కోపం తగ్గుతుందనుకోకు. ఇంకా పెరిగింది. ఇన్నాళ్లు కంప్యూటరును తిట్టుకున్నాను, మనిషిని తిట్టుకోవలసి వస్తుందనుకోలేదు.

ఇంకొక సంగతి విను. నారాయణగూడలో చెయ్యి వాపుకు కట్టు కట్టే ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. అక్కడ నా పక్కన సుహాసిని గారు కూర్చుంటారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు, వాళ్ల పెద్దలది గుంటూరు వైపు. మాటల్లో ఆమె కూడా మీ పరిశోధనే అని తెలిసింది. ఆమెకు ఫలితం సంగతి తెలియదు. నేను చెబితే, "మనవడిని ఎత్తుకున్నాను కదండీ, అందుకే వాచిందని మా అమ్మాయి అంటూ ఉంటుంది. నిజమేనేమో అని ఇన్నేళ్లూ వాడిని దగ్గరికి రానివ్వలేదు" అన్నారు.

ఆమెకు ఎవరు చెప్పాలి? ఇట్లాంటివాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు, నాకు తెలియదు. అందరినీ ఆస్పత్రి వాళ్లతో పిలిపించు. ఇంగ్లీషులో బొమ్మలు చూపించే డాక్టరును పంపకు. నువ్వు వచ్చి, నిలబడి, తెలుగులో చెప్పు.

అరుంధతి

*

పుణె,
10 అక్టోబరు 2025

అత్తమ్మకు,

మా డైరెక్టరును మూడుసార్లు అడిగాను. మొదటిసారి అలాంటి ఆనవాయితీ లేదన్నారు. రెండోసారి, ఆడవాళ్లు కోపం తెచ్చుకుంటే ఎవరు బాధ్యులు అన్నారు. కోపం ఆల్రెడీ వచ్చింది సర్, మనకే తెలియలేదు అన్నాను. మూడోసారి మేడమ్ ఒకరు, రోగుల హక్కులు చూసే నైతిక కమిటీలో ఉన్నావిడ, నా పక్క మాట్లాడారు. నవంబరు 2, ఆదివారం. బాగ్ లింగంపల్లిలో చిన్న హాలు తీసుకున్నాం. హైదరాబాదులో చేరిన ముప్ఫై ఒక్కమందికి శ్రీనాథ్ ఫోన్లు చేస్తున్నాడు. ఫలితాలు మాత్రమే చెప్పాలి, సొంత సంగతులు ఎత్తకూడదని నాతో మాట తీసుకోవాలని చూశారు. నేను ఇవ్వలేదు.

నన్ను అందరి ముందు నిలదీయడానికే పిలుస్తున్నావని నాకు తెలుసు. నిలదీయి.

అయితే నాకూ ఒక కోపం ఉంది. గుంపులు తెరిచాక నీ నంబరు కింద రాసినదంతా చూశాను. చూడకూడదు, చూశాను. ఆరేళ్లలో శ్రీనాథ్ పన్నెండుసార్లు అడిగాడు. వాపు అతను టేపుతో కొలిచాడు కాబట్టి ఉంది. చేతి నొప్పి అన్నచోట పన్నెండుసార్లూ "లేదు" అని ఉంది. నాతో ఫోన్లో కూడా ప్రతిసారీ బాగానే ఉన్నా బిడ్డా అన్నావు. నువ్వు చెప్పని నొప్పి నాకెట్లా తెలియాలి? నేను నీతో ఒక్కసారి అబద్ధం చెప్పాను. నువ్వు ఎన్నిసార్లు చెప్పావో లెక్కపెట్టుకో.

సంజన

*

చిక్కడపల్లి,
6 నవంబరు 2025

సంజనా,

ఆదివారం హాలులో నువ్వు నా దగ్గరికి వచ్చి నిలబడితే మొహం తిప్పుకుని పోయాను. ఆ నిమిషంలో మాట్లాడితే కొట్టేదాన్ని. నువ్వు ఆటో ఎక్కి ఎయిర్‌పోర్టుకు పోయేదాకా సుహాసిని గారి వెనకే కూర్చున్నాను.

నిన్ను నిలదీయాలని రాలేదు. నువ్వు అట్లా అనుకున్నావని చదివి మళ్లీ ఒళ్లు మండింది. ఆ ఆడవాళ్లకు వాళ్ల సంగతి తెలియాలని పిలిచాను. నువ్వు మైకు పట్టుకుని, ఎవరూ అడగకముందే, "మా అత్తమ్మ వద్దనొచ్చునా అని అడిగితే నేను ఆమెకు తప్పు చెప్పిన, గా పత్రం రాసినదాన్ని నేనే" అన్నావు. హాలులో ఇరవై రెండు మంది. అప్పుడు నీ మీద జాలి కలిగిందని రాస్తే నీకు బాగుంటుంది, కానీ కలగలేదు. ఇది నువ్వు నాకు ఒక్కదానికే మొదట నా ఇంటికి వచ్చి చెప్పి ఉండాల్సింది అనుకున్నాను.

తర్వాత జరిగింది నువ్వూ చూశావు. అయినా రాస్తున్నాను, నేను కూర్చున్న చోటి నుంచి ఎట్లా కనిపించిందో నీకు తెలియదు.

ముందు వరసలో బాలత్రిపురసుందరి గారని ఒకావిడ లేచింది. కొత్త పద్ధతి గుంపు. ఆమెకు గ్రంథులన్నీ తీయలేదు, చెయ్యి వాయలేదు. "నాది బాగుందండీ. మీ అందరి మధ్యా కూర్చోవాలంటే నాకు సిగ్గుగా ఉంది. నేనేం అడిగి తెచ్చుకోలేదు" అని ఏడ్చింది. ఎవరో వెనక నుంచి "నీకేమమ్మా, అదృష్టం" అన్నారు. ఆ మాట ములుకులా ఉంది. నాకూ అట్లాగే తోచింది, అబద్ధమెందుకు.

నేను లేచి "ఒకసారి చెయ్యి ఎత్తు తల్లీ" అన్నాను. ఆమె భయపడింది. "ఏమనను, ఎత్తు" అన్నాను. కుడిచెయ్యి పైకి ఎత్తింది. చెవిని ఆనుకుని నిటారుగా పైకి పోయింది. నేను చివరిసారి అట్లా ఎత్తింది వార్డులో. అందరం ఆ చెయ్యినే చూస్తూ కూర్చున్నాం. సుహాసిని గారు "ఇకమీద వచ్చేవాళ్లందరికీ ఇలాగే ఉంటుందన్నమాట" అన్నారు. మెల్లగానే అన్నారు, కానీ హాలంతా విన్నది.

దానితో నా కోపం పోలేదు. పోవాలని ఎవరూ నన్ను అడగవద్దు.

నొప్పి సంగతి. నువ్వు రాసింది నిజమే, పన్నెండుసార్లూ లేదనే చెప్పాను. ఎందుకో విను. నొప్పి అని చెబితే నీ పరిశోధనకు చెడ్డపేరు వస్తుందనుకున్నాను. మా సంజన పనిచేసే చోటు, మనమే చెడగొట్టవద్దు అని. మీరు తెలుసుకోవాలని కూర్చున్నదే ఆ సంగతి అని నాకు ఎవరూ చెప్పలేదు. నువ్వు కూడా. ఆదివారం నువ్వు "ఎంతమంది నొప్పి దాచిన్రు" అని అడిగితే ఎన్ని చేతులు లేచాయో చూశావు కదా, లేవగలిగినంత వరకు. ఒకామె డాక్టరు బాధపడతాడని దాచిందట. ఒకామె మళ్లీ కోస్తారేమోనని. అన్నీ తిరిగి అడుగుతామన్నావు. అడగండి.

మీటింగు అయ్యాక శ్రీనాథ్ నా దగ్గరికి వచ్చాడు. ఫారం వెనక్కి తీసుకుంటవా అమ్మా అని అడిగాడు. లేదన్నాను. బతిమాలలేదు, తల ఊపి రాసుకున్నాడు. ఇంటికి నడిచి వస్తుంటే ఆ "లేదు" అన్న మాట నోట్లోనే ఉంది, చాలాసేపు. మిగిలినవాళ్లకు ఉండమనే చెప్పాను. నేను ఉండను.

మామోగ్రామ్ నిన్న చేయించుకున్నాను. ఆ ఆస్పత్రిలో కాదు, ఇంకోచోట. మీ నాన్న తోడు వచ్చాడు. రిపోర్టులో ఏమీ లేదు. ఇది నీ ఆఫీసుకు పంపడం లేదు, ఏ నంబరు కిందా రాయవద్దు. మా అన్న బిడ్డవు కాబట్టి నీకు చెబుతున్నాను.

చెయ్యి నొప్పి ఉంది. భుజం నుంచి మొదలై వేళ్లదాకా వస్తుంది, వర్షం పడేరోజు ఎక్కువ. ఇప్పుడు కూడా ఉంది.

నీ అత్తమ్మ